చేయి తగిలిన చోటే లోపం

ఇంటిపట్టున శుభ్రం చేసిన మోటారుసైకిలు మరునాడు మొరాయించడం వింతేమీ కాదు. యజమాని ప్లగ్గు తుడిచాడు, పాయింట్లు సరిచేశాడు, కార్బ్యురేటరు కడిగాడు; తీరా కిక్కరు తొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఇంజనే చెడిందన్న బెంగతో మరిన్ని భాగాలు విప్పడానికి పూనుకుంటాడు. అసలు నష్టం మొదలయ్యేది అక్కడే.

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ సమీపాన ఉన్న సిప్పీఘాట్ వంటి చోట ఆ నష్టం మరింత బరువు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపానికి అక్కడి నేల దాదాపు ఒక మీటరు కుంగింది. పంటపొలాల మీదికి సముద్రపు పోటు వచ్చి చేరింది. ఉప్పుగాలికీ, రెండు ఋతుపవనాల వానలకూ తీగెల కొనలు త్వరగా చిలుమెక్కుతాయి. విడిభాగాలు సముద్రం దాటి రావాలి. తొందరపాటుతో ఒక మర చెడినా ఎదురుచూపులు తప్పవు.

కనుక మొదటి సూత్రం ఇది: నిన్న నడిచిన బండి నేడు నడవకపోతే, ఈ మధ్య చేయి తగిలిన చోటనే వెదకాలి. చేసిన పనులన్నీ కాగితం మీద వరుసగా వ్రాసుకుని, చివరిదానితో మొదలుపెట్టి వెనుకకు రావాలి.

ఇంజనుకు కావలసినవి నాలుగు: నిప్పురవ్వ, పెట్రోలు, గాలి, కంప్రెషను. పెట్రోలు కొళాయి తెరిచి ఉన్నదా, ప్లగ్గు టోపీ గట్టిగా కూర్చున్నదా అని ముందుగా చూడాలి. తరువాత ప్లగ్గు విప్పి, టోపీ తగిలించి, దాని లోహభాగాన్ని ఇంజనుకు ఆనించి కిక్కరు తొక్కాలి. ప్లగ్గు రంధ్రానికీ, పెట్రోలుకూ దూరంగా ఉంచడం మరువరాదు. నీలిరంగు రవ్వ వస్తే మంచిదే. రాకపోతే పాయింట్లు చూడాలి. పాత బులెట్‌లో వాటి ఎడం 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. గరుకు కాగితపు పొడి మిగిలినా, ఫైబరు వాషర్లు తారుమారైనా రవ్వ పుట్టదు.

రవ్వ ఉండి ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదన్నమాట. కార్బ్యురేటరు గిన్నెలోని పెట్రోలును గాజుపాత్రలోకి వంచితే, కలిసిన నీరు అడుగున బొట్లుగా తేలికగా కనబడుతుంది. ప్లగ్గు తడిసి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్లు. చోకు, ఫ్లోటు, ఎయిర్ ఫిల్టరు పరీక్షించాలి. కొంతదూరం నడిచి ఆగిపోతుంటే ట్యాంకు మూతలోని గాలిరంధ్రం పూడి ఉండవచ్చు.

కిక్కరు మరీ తేలికగా దిగితే ట్యాపెట్లు అతిగా బిగించి ఉండవచ్చు. అప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషను జారిపోతుంది. పాత బులెట్‌లో ఇంజను చల్లగా ఉండగా, పిస్టను కంప్రెషనులో పైకి వచ్చినపుడు, పుష్‌రాడ్లు వేళ్ళతో సులువుగా తిరగాలి. పైకీ క్రిందికీ మాత్రం కదలరాదు.

ఒకసారికి ఒకే మార్పు చేసి బండిని పరీక్షించాలి. రెండు మార్పులు కలిపి చేస్తే దోషమేదో, మందేదో తేలదు. ఇవన్నీ సరిగా ఉండీ బండి కదలకపోతే, లోపల లోహం రాచుకునే చప్పుడు వినబడితే, పనిముట్లు ప్రక్కన పెట్టడమే వివేకం. వ్రాసుకున్న ఆ కాగితాన్ని మెకానిక్కు చేతికిస్తే అతని పని సగం తగ్గుతుంది, యజమాని ఖర్చూ తగ్గుతుంది.