మన పట్టభద్రులు – మన బాధ్యత

బిడ్డ పట్టా పుచ్చుకొని ఇల్లు చేరిననాడు తలిదండ్రుల కన్నులు చెమర్చుట సహజము. తాతముత్తాతలు దుక్కి దున్నియో, తునికాకు కోసియో, చిన్న అంగడి నడిపియో బ్రదికిన ఇండ్లలో నేడు బి.ఎస్సీ., ఎం.ఏ., బి.ఎడ్. ముగించిన కొడుకులును కూతుండ్రును కలరు. స్నాతకోత్సవముల కాలము వచ్చినప్పుడెల్ల మనవారు అట్టివారిని సభకు పిలిచి, శాలువ కప్పి, పూలదండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపుచున్నారు. ఇది మెచ్చదగిన ఆచారమే. ఐతే ఆ సభ ముగిసిన మరునాటి సంగతి యేమి? ఆ పట్టభద్రుడు ఎచ్చట నున్నాడో, ఊరిలో పదవ తరగతి చదువుచున్న పిల్లవానికి అతనివలన ఒక మాటసాయమైనను కలుగుచున్నదో లేదో మనము విచారించుట లేదు. శాలువతో మొదలై శాలువతోనే ముగియు గౌరవము వీడ్కోలుతో సమానము. మన పట్టభద్రులు ఒక సముదాయముగా ఏర్పడవలయుననియు, వారిని కూర్చు పనిని మన సంఘము తన భుజముపై వేసికొనవలయుననియు ఇందు మనవి చేయదలచితిని.

ముందుగా మన చదువుల చరిత్రను ఒకమారు తలచుకొందము. ప్రాణహిత గోదావరిలో కలియు చోటనున్న మన సిరొంచ 1860లో నిజాము చేతినుండి ఆంగ్లేయుల చేతికి వచ్చినది. కొంతకాలము ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమై యుండి, 1874లో ఆ జిల్లా రద్దుకాగా చాందా జిల్లాలో చేరినది. 1956 నవంబరు 1న బొంబాయి రాష్ట్రములోనికి, 1960 మే 1న మహారాష్ట్రములోనికి, 1982లో క్రొత్తగా ఏర్పడిన గడ్చిరోలి జిల్లాలోనికి వచ్చినది. పాలకులు మారిరి, జిల్లాలు మారినవి. ఇంటిలో మాటాడు తెలుగు మాత్రము మారలేదు. కాని బడిలోని భాష పాలనను అనుసరించి మారినది. 1923లో స్థాపింపబడిన నాగపూరు విశ్వవిద్యాలయమే 2011 వరకు, అనగా 88 సంవత్సరములపాటు, మన ప్రాంతమునకు విశ్వవిద్యాలయము. సిరొంచకు నాగపూరు మూడు వందల కిలోమీటర్లకు మించిన దూరము. వానకాలమున వాగులు పొంగి దారులు తెగిపోవు ఆ దినములలో అంత దూరము పోయి చదివినవారి పట్టుదలను నేటి పిల్లలు తెలిసికొనదగును.

ఆ నాగపూరు విశ్వవిద్యాలయమునకు తెలుగువారు పడిన ఋణమొకటి కలదు. 1938లో హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములలో వందేమాతర గీతమును పాడరాదని నిషేధము విధింపగా విద్యార్థులు సమ్మెకు దిగిరి. ఫలితముగా అనేకులు విశ్వవిద్యాలయమునుండి వెడలగొట్టబడిరి. చదువు నడుమ తెగి, పోవుటకు చోటు లేక నిలిచిన ఆ విద్యార్థులలో పలువురను నాగపూరు విశ్వవిద్యాలయము చేర్చుకొన్నది. ఆనాటి ఉపకులపతి టి. జె. కేదారు గారు చూపిన ఔదార్యమును తెలంగాణమువారు నేటికిని చెప్పుకొందురు. తమ భాష మాటాడని పిల్లలకు, తమ సంస్థానము కాని సంస్థానమునుండి వచ్చిన పిల్లలకు, నాగపూరు వాకిలి తెరచినది.

అట్లు ఉస్మానియాను వీడినవారిలో పాములపర్తి వేంకట నరసింహారావుగారొకరు. వారు నాగపూరున న్యాయశాస్త్రము చదివిరి. తరువాత 1957 మొదలు 1977 వరకు మనకు ఎగువను గోదావరి ఒడ్డుననున్న మంథనినుండి శాసనసభ్యులుగా నుండిరి. 1984, 1989 ఎన్నికలలో నాగపూరు ప్రక్కనున్న రామటేకు ప్రజలు వారిని లోక్‌సభకు పంపిరి. 1991లో వారు ప్రధానమంత్రియైరి. 2024లో మరణానంతరము భారతరత్న పురస్కారము లభించినది. ఈ పదవులకంటె మనకు ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. మరాఠీ నవలాకారులైన హరి నారాయణ ఆప్టేగారి ప్రసిద్ధ నవలను వారు ‘అబల జీవితము’ అను పేరుతో తెలుగులోనికి తెచ్చిరి. విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ అను పేరుతో హిందీలోనికి మార్చిరి. పరభాషా ప్రాంతమున చదివినవాడు తన భాషకు దూరమగునని భయపడువారికి ఈ రెండు గ్రంథములే సమాధానము. ఆయన రెండు భాషల నడుమ నడచి రెండింటికిని మేలు చేసెను.

అదే నాగపూరున వైద్యవిద్య ముగించిన మరికొందరి పేర్లను మన జిల్లా ఎన్నటికిని మరువరాదు. ప్రకాశ్ ఆమ్టే, మందాకినీ ఆమ్టే దంపతులు 1973లో భామరాగడ్ తాలూకాలోని హేమల్‌కసా అడవిలో కాపురము పెట్టి, మాడియా భాష నేర్చుకొని, ఆ జనులకు వైద్యమును వారి పిల్లలకు బడిని సమకూర్చిరి. 2008లో వారిరువురకు మెగసెసే బహుమానము వచ్చినది. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు నాగపూరున చదివి, అమెరికాలో పైచదువు ముగించి, మరల మన గడ్చిరోలికే వచ్చిరి. 39 గ్రామములలో పల్లెటూరి స్త్రీలకే శిక్షణ ఇచ్చి, పురిటిబిడ్డలను ఇంటివద్దనే కాపాడు పద్ధతిని నడిపిరి. ఆ పద్ధతివలన నెలలోపు శిశుమరణములు 62 శాతము తగ్గెనని 1999లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. దేశమంతటను నేడు ఆశా కార్యకర్తలు బాలింతల ఇండ్లకు పోయి పసిబిడ్డలను చూచుట ఆ పని ఫలమే. వీరెవ్వరును ఈ తాలూకాలలో పుట్టినవారు కారు. ఇచ్చటి భాషలను పెద్దవారైన పిమ్మట నేర్చుకొనవలసి వచ్చినది. మన పట్టభద్రులకు ఆ భాషలు పుట్టుకతోనే వచ్చినవి. పరులు వచ్చి చేసిన దానిలో పదవవంతైనను మనవారు చేయలేరా?

2011లో చంద్రపూరు, గడ్చిరోలి జిల్లాలకు గొండ్వానా విశ్వవిద్యాలయము ప్రత్యేకముగా ఏర్పడినది. 2023 జూలై 5న జరిగిన దాని పదవ స్నాతకోత్సవమునకు రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ముగారు స్వయముగా గడ్చిరోలికి వచ్చిరి. అడవిబిడ్డల కుటుంబమునుండి రాష్ట్రపతి పీఠమునకు ఎదిగిన ఆమె ఎదుట మన జిల్లా పిల్లలు పట్టాలు పొందుట చిన్న విషయము కాదు. ఐనను సిరొంచకు గడ్చిరోలి సైతము ఇంచుమించు 200 కిలోమీటర్లు. అంతకంటె వరంగల్లు దగ్గర. కాళేశ్వరమువద్ద గోదావరిపై వంతెన వచ్చిన తరువాత పలువురు పిల్లలు ఆవలి ఒడ్డుకు పోయి, 1976లో స్థాపింపబడిన కాకతీయ విశ్వవిద్యాలయపు కళాశాలలలోను, హైదరాబాదులోను చదువుచున్నారు.

ఇందువలన మన పట్టభద్రులు రెండు పాయలుగా నున్నారు. ఒక పాయవారికి మరాఠీ బాగుగా వచ్చును. మహారాష్ట్ర ప్రభుత్వపు పరీక్షలు, దరఖాస్తులు, కచేరీల మర్యాదలు తెలియును. కాని వారిలో పెక్కుమంది తెలుగును మాటాడుదురే గాని చదువజాలరు. రెండవ పాయవారికి తెలుగు చదువను వ్రాయను వచ్చును. కాని గడ్చిరోలి కచేరీలో ఒక అర్జీ వ్రాయవలసివచ్చినచో తడబడుదురు. ఒకరికి లేనిది మరియొకరివద్ద కలదు. ఒకే ఊరివారై యుండియు ఈ రెండు పాయలవారు పెండ్లిండ్లలో తప్ప కలిసికొనుట లేదు.

కొందరు పెద్దలు, “మరాఠీలో చదివి పట్టా పొందినవానితో తెలుగు సంఘమునకు పనియేమి?” అని అడుగుచున్నారు. ఈ మాటలో బాధ కలదు గాని న్యాయము లేదు. ఊరిలో ఏ బడి యున్నదో ఆ బడిలోనే పిల్లవాడు చదివెను. ఆ యెన్నిక వానిది కాదు. వానిని మనవాడు కాడని త్రోసివేసినచో నష్టము మనకే. మరికొందరు, “చదివినవారు ఊరిలో నిలువరు, పూణెకో హైదరాబాదుకో పోవుదురు” అని నిట్టూర్చుచున్నారు. బ్రదుకుతెరువు వెదకికొని పోవుట తప్పు కాదు. పూణెలో నున్న ఒక్కడు వెనుక వచ్చు పదిమందికి బస చూపగలడు, దారి చెప్పగలడు. అతని చిరునామా మనవద్ద లేకపోవుటయే తప్పు.

కావున మన సంఘము చేయదగిన పనులను క్లుప్తముగా చెప్పెదను. మొదటిది, పట్టభద్రుల పట్టిక. సిరొంచ, అంకీసా, అసరల్లి, ఝింగనూరు మొదలు అహేరి, ఆలాపల్లి వరకు ఊరూరను ఎవరు, ఏ సంవత్సరమున, ఏ విశ్వవిద్యాలయమున, ఏమి చదివిరో, ఇప్పుడెచ్చట నున్నారో వ్రాయవలయును. అత్తవారింటికి పోయిన ఆడబిడ్డల పేర్లు తప్పక చేర్చవలయును; వారిని లెక్కలో వదలివేయుట మనకు పాత అలవాటు.

రెండవది, దారి చూపుట. పది, పన్నెండు తరగతుల ఫలితములు వచ్చిన నెలలో ప్రతి పెద్ద గ్రామమునను ఇద్దరు పట్టభద్రులు ఒక ఆదివారము కూర్చుండి, ఏ కళాశాలలో ఏ చదువున్నదో, విద్యార్థి వేతనమునకు ఎప్పుడు దరఖాస్తు చేయవలెనో, కుల ధ్రువపత్రమునకును దాని వ్యాలిడిటీకిని ఏయే కాగితములు కావలెనో చెప్పవలయును. గడువు దాటిన ఒక కాగితమువలన చదువు ఆగిన పిల్లలు మనలో కలరు. తాత ఆవలి ఒడ్డున, తండ్రి ఈవలి ఒడ్డున పుట్టిన కుటుంబములకు ఈ కాగితముల చిక్కు మరింత యెక్కువ.

మూడవది, ఇచ్చిపుచ్చుకొనుట. వేసవి సెలవులలో తెలుగు చదివినవారు పిల్లలకు అక్షరములు నేర్పవలెను. మరాఠీ చదివినవారు పోటీ పరీక్షలకు పాఠములు చెప్పవలెను. నాలుగవది, చిన్న నిధి. ఉద్యోగములోనున్న పట్టభద్రులు సంవత్సరమునకు ఒక దినపు జీతము ఇచ్చినను లోపలి పల్లెల పిల్లల ప్రయాణపు ఖర్చులకు, పరీక్ష రుసుములకు అక్కరకు వచ్చును. దాని లెక్కలను మూడునెలల కొకసారి ఈ పత్రికలోనే ప్రకటింపవలయును.

ఇదంతయు ఎందుకని యడుగవచ్చును. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో చెప్పుటకు తగిన వసతులు కల్పింపవలెనని మన రాజ్యాంగములోని 350ఎ అధికరణము చెప్పుచున్నది. 1956లో ఏడవ సవరణద్వారా అది చేరినది. ఆ హక్కును అడుగుటకు మనము సభలలో తీర్మానములు చేయుదుము. ప్రభుత్వము రేపు సరేయని, “తెలుగు చెప్పుటకు అర్హతగల ఉపాధ్యాయులను చూపుడు” అనినచో ఎవరిని చూపగలము? మహారాష్ట్ర నిబంధనల ప్రకారము అర్హతయును, తెలుగు వ్రాయగల శక్తియును ఒక్కరియందే యుండవలయును. అట్టివారు ఈ రెండు పాయల కలయికనుండియే రావలసియున్నారు. వారిని ఇప్పుడే తయారుచేసికొననిచో హక్కు కాగితముపైననే నిలిచి, మన మనుమలు తెలుగును చెవితో మాత్రమే ఎరుగుదురు. వారి పిమ్మటివారికి ఆ మాత్రమును మిగులదు.

రానున్న స్నాతకోత్సవమునకు శాలువలు తప్పక కొందము. వానితోపాటు ఒక నోటుపుస్తకమును గూడ కొని, సన్మానము పొందిన ప్రతి బిడ్డ పేరును ఊరును చిరునామాను ఆ సభలోనే వ్రాయించుకొందము. పట్టభద్రులైన మన యువతీయువకులు పిలుపుకై వేచియుండక తమంత తామే ముందుకు వచ్చి తమ పేర్లు పంపుదురని ఆశించుచున్నాను.