శాటర్న్ కడుపు మాడ్చింది జీఎమ్మే

అమెరికా కార్ల చరిత్రలో శాటర్న్ కథను తరచూ రెండు ముక్కల్లో తేల్చేస్తారు. కార్మికులను భాగస్వాములుగా చూడటం, బేరాల్లేకుండా అమ్మడం వినడానికి బాగుంటాయి గానీ వాటితో కంపెనీ నిలబడదట. అందుకే 2008 మాంద్యం రాగానే కూలిపోయిందట. ఈ తీర్పు తప్పు, అన్యాయం కూడా. మాంద్యం వచ్చేనాటికి శాటర్న్‌కు పేరు తప్ప తనదంటూ పెద్దగా ఏమీ మిగల్లేదు. అలా ఖాళీ చేసింది దాన్ని కన్న జనరల్ మోటార్సే.

జపాన్ చిన్న కార్ల ధాటికి తట్టుకోలేక 1985 జనవరిలో జీఎం ఛైర్మన్ రోజర్ స్మిత్ ఈ కంపెనీని ప్రకటించాడు. టెనెసీలోని స్ప్రింగ్‌హిల్‌లో కొత్త ఫ్యాక్టరీ కట్టారు. యూఏడబ్ల్యూ కార్మిక సంఘంతో విడిగా ఒప్పందం చేసుకుని నిర్ణయాల్లో కార్మికులకు చోటిచ్చారు. 1990 జూలైలో మొదటి కారు బయటికొచ్చింది. దాని తలుపులకు ప్లాస్టిక్ పలకలు. చిన్నాచితకా దెబ్బలకు సొట్ట పడేవి కావు. షోరూంలో చీటీ మీద ఉన్నదే ధర, ఎవరికైనా అంతే. 1991లో 1,836 కార్లలో చెడ్డ కూలెంట్ పోశారని తేలితే, రిపేరు ఊసెత్తకుండా కార్లకు కార్లే మార్చి ఇచ్చారు. 1994 వేసవిలో ఫ్యాక్టరీ చూసిపొమ్మని పిలిస్తే నలభై వేల మందికి పైగా తరలివెళ్లారు. చౌక కారు కొన్నవాళ్లు, దాన్ని తయారుచేసిన మనుషులను చూడటానికి అంత దూరం వెళ్లారు! ఇంతటి నమ్మకాన్ని విఫల ప్రయోగం అని ఏ నోటితో అంటారు?

లాభాలు రాలేదు కదా అంటారు. పెట్టిన వందల కోట్ల డాలర్లు తిరిగి రాలేదు, నిజమే. మరి ఏం అమ్మి రాబట్టాలి? మొదటి ఎస్ సిరీస్ కారునే పైపై మార్పులతో 2002 దాకా లాగించారు. అదే కాలంలో హోండా సివిక్ మూడు తరాలు మారింది. పిల్లలు పుట్టి పెద్ద కారు కావాలనుకున్న శాటర్న్ అభిమానికి చూపించడానికి దాదాపు పదేళ్లు షోరూంలో ఏమీ లేదు. తీరా వచ్చిన ఎల్ సిరీస్ ఓపెల్ వెక్ట్రా పునాది మీద, డెలావేర్‌లోని మరో జీఎం ఫ్యాక్టరీలో తయారైంది. ఆ తర్వాత విడి ఒప్పందమూ పోయింది. ఇందులో సంఘం పై నాయకత్వం పాత్రా ఉంది. ఆ ఒప్పందం వాళ్లలో చాలామందికి మొదట్నుంచీ గిట్టలేదు. చివరికి శాటర్న్ పేరుతో అమ్మిన ఆస్ట్రా కారు బెల్జియం నుంచి దిగుమతైంది.

2009లో కార్ల డీలర్‌షిప్‌ల వ్యాపారి రోజర్ పెన్‌స్కీ శాటర్న్‌ను కొనడానికి ముందుకొచ్చాడు. ఆ బేరంలో ఉన్నవి పేరు, డీలర్లే; ఫ్యాక్టరీ లేదు. జీఎం కొన్నాళ్లు కార్లు చేసిచ్చినా, తర్వాత ఇంకెవరో ఇవ్వాలి. అలా ఇస్తుందనుకున్న రెనో కంపెనీ బోర్డు ఒప్పుకోకపోవడంతో సెప్టెంబర్ 30న ఆ బేరం చెడింది. దీనికి స్ప్రింగ్‌హిల్ పద్ధతిని దోషిగా నిలబెట్టేవాళ్లు ఒక్క తేదీ చూసుకోవాలి: ఆ ఫ్యాక్టరీలో శాటర్న్ కార్ల తయారీని జీఎం 2007లోనే ఆపేసింది.