మెదడు ముక్క... మంచుగడ్డ... ఓ పరీక్ష!

తోటపల్లి గూడూరు తీరాన రొయ్యల గుంటలున్న ఇళ్లలో పీసీఆర్ అంటే కొత్త మాటేం కాదు. హేచరీ నుంచి వచ్చిన సీడ్‌లో తెల్లమచ్చల వైరస్ ఉందో లేదో ఆ పరీక్షే చెబుతుంది. కంటికి కనపడని జన్యుపదార్థాన్ని కోట్ల రెట్లు పెంచి చూపిస్తుందన్నమాట. మెదడు కణజాలంలో టెలొమెరేజ్ అనే ఎంజైమును పట్టుకోడానికీ ఆ కిటుకే వాడతారంటే ఆశ్చర్యంగా లేదూ!

కొత్త చీర చెంగుకి ముళ్లు వేయకపోతే పోగులు ఊడిపోతాయి. మన క్రోమోజోముల చివర్లకీ అలాంటి ముళ్లున్నాయి. వాటి పేరు టెలొమెర్లు. కణం విడిపోయిన ప్రతిసారీ అవి కాస్త తరుగుతాయి. తరిగినదాన్ని మళ్లీ అల్లేదే టెలొమెరేజ్. 1984లో అమెరికాలోని బర్కిలీలో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, ఆమె శిష్యురాలు కెరొల్ గ్రైడర్ దీన్ని కనిపెట్టారు. జాక్ జోస్తాక్‌తో కలిసి 2009లో నోబెల్ అందుకున్నారు.

మామూలు కణాల్లో చాలావాటికి ఈ ఎంజైము ఉండదు. కేన్సర్ కణం మాత్రం దీన్ని మేల్కొలిపి అంతులేకుండా పెరుగుతుంది. 1994లో ‘ట్రాప్’ అనే పరీక్ష వచ్చాక లెక్క తేలింది. కేన్సర్ నమూనాలు 101 చూస్తే 90లో ఎంజైము చురుగ్గా ఉంది. మామూలు కణజాలాల నమూనాలు 50 చూస్తే ఒక్కదాన్లోనూ లేదు!

పరీక్ష ఎలాగంటారా? ఆపరేషన్‌లో తీసిన ముక్కని వెంటనే ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టిస్తారు. తర్వాత మంచు మీదే ఉంచి నూరి, రసం తీస్తారు. అందులో చిన్న డీఎన్ఏ పోగు వేస్తారు. ఎంజైము ఉంటే దానికి ఆరేసి అక్షరాలు అతికిస్తూ పోతుంది. పీసీఆర్‌తో పెంచి చూస్తే నిచ్చెన మెట్లలా గీతలు కనిపిస్తాయి. అదే రసాన్ని వేడిచేసి మరోసారి చూస్తారు. వేడికి ఎంజైము చచ్చి మెట్లు మాయమైతేనే మొదటి ఫలితం నిజం.

అయితే ఓ చిక్కుంది. రక్తంలోని తెల్లకణాల్లోనూ ఈ ఎంజైము కొద్దిగా ఉంటుంది. అవి కలిస్తే లెక్క తప్పుతుంది. పైగా ఆలస్యమైతే ఎంజైము పాడైపోతుంది. అందుకే ఆసుపత్రుల్లో ఎంజైముకి బదులు, దాన్ని తయారుచేసే ‘టెర్ట్’ జన్యువుని మేల్కొలిపే మార్పు డీఎన్ఏలో ఉందేమో చూస్తారు. మైనపు దిమ్మలో దాచిన ముక్కలోనూ డీఎన్ఏ నిలుస్తుంది మరి! పెద్దవాళ్లలో ఐడీహెచ్ మార్పు లేని ఒక రకం కణితి మైక్రోస్కోపు కింద మెతకగా కనిపించినా, టెర్ట్ మార్పు ఉంటే అది గ్లియోబ్లాస్టోమాయేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తేల్చింది. అంటే చికిత్స దారే మారిపోతుంది.

మరి టెలొమెరేజ్ పెంచుకుంటే మెదడు ముసలిదవకుండా ఉంటుందా? నాడీకణాలు దాదాపుగా విడిపోవు. వాటి బాధ వేరు. డీఎన్ఏకి తగిలే దెబ్బల్ని బాగుచేసుకునే శక్తి వయసుతో తగ్గుతుందని ఎలుకల నాడీకణాల మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు బృందం చూపింది. తగ్గిన ఆ శక్తిని వేరే రెండు ఎంజైములు కలిపి తిరిగి తేవచ్చని 2005లో ప్రకటించింది. వాటిలో టెలొమెరేజ్ లేదు! కాబట్టి యవ్వనం తెచ్చే మాత్రలంటూ ఎవరైనా ఈ పేరు చెబితే తొందరపడకండి.

ఇంట్లో ఎవరికైనా మెదడు కణితి ఆపరేషన్ అయితే మాత్రం రెండు సంగతులు గుర్తుంచుకోండి. బయాప్సీ రిపోర్టులో టెర్ట్, ఐడీహెచ్ పరీక్షల సంగతేమిటో డాక్టర్‌ని అడగండి. ఇంకో డాక్టర్ సలహా కావాలంటే ఆ మైనపు దిమ్మ ఎక్కడుందో కనుక్కోండి. ఆ చిన్న దిమ్మలోనే పెద్ద జవాబు ఉండొచ్చు.