మీ ఒక్కరి కోసమైనా ఒక కూర వండుకోండి



పదో తరగతి అయిపోగానే మన ఇళ్లలో పెద్ద మార్పు వస్తుంది. పదిహేను, పదహారేళ్ల పిల్లలు పెట్టె, పరుపు, బకెట్టు సర్దుకుని రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీకి వెళ్లిపోతారు. రెండేళ్ల తర్వాత ఇంజనీరింగో మెడిసినో, అదీ మరో ఊళ్లో. ఆ పైన ఉద్యోగం. పండక్కీ సెలవులకీ వచ్చిపోవడమే తప్ప, చాలామంది పిల్లలు రోజూ ఇంట్లో భోంచేసే రోజులు పదో తరగతితోనే ముగుస్తున్నాయి. హాస్టల్‌కు ఏమేం తీసుకెళ్లాలో మనమంతా జాబితా రాస్తాం. ఇంట్లో మిగిలినవాళ్లు ఏం తింటారో మాత్రం ఎవరమూ ఆలోచించం.

నిన్నటిదాకా తెల్లారేసరికి టిఫిన్, క్యారేజీ, సాయంత్రానికి ఏదో ఒక చిరుతిండి. పిల్లలు వెళ్లిన మర్నాటి నుంచి "ఒక్కదానికి ఏం వండుకుంటాంలే" అన్న మాట మొదలవుతుంది. పొద్దున టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం ఇంత అన్నంలో ఆవకాయ. రాత్రికి పెరుగన్నం. పిల్లలు ఇంట్లో లేరు కదా, ఇదంతా ఎవరి కోసం అనిపిస్తుంది. మీ కోసమేనండీ! ఆ సమాధానం చెప్పుకోవడానికే మనకు మొహమాటం.

ఇది పొదుపు కాదు, త్యాగమూ కాదు. ఆరోగ్యానికి సంబంధించిన విషయం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే పదిమందిలో దాదాపు ఆరుగురు. పిల్లల్ని హాస్టల్‌కు పంపే వయసులో ఉన్న తల్లుల్లో చాలామంది ఈ లెక్కలోనివారే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు రోజుకు ఆకుకూరలతో కలిపి సుమారు 400 గ్రాముల కూరగాయలు తినమంటున్నాయి. ఆవకాయ అన్నంలో అందులో ఎంత వస్తుంది? నలభై దాటాక ఎముకల సంగతీ చూసుకోవాలి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పిల్లలకు జావ కాచి ఇచ్చిన చేత్తో మీరూ ఒక గ్లాసు తాగితే తప్పేముంది?

ఆరోగ్యం ఒక ఎత్తయితే, రుచి ఇంకో ఎత్తు. ఈ పదిహేనేళ్లూ మీ వంటింట్లో ఏం వండాలో పిల్లలే నిర్ణయించారు. కాకరకాయ చేదన్నారు, మానేశారు. ఉలవచారు వాసనన్నారు, మానేశారు. గోంగూరలో కారం తగ్గించారు. వాళ్లకు నచ్చిన ఆలూ వేపుడే మీకూ ఇష్టమనుకున్నారు. అసలు మీకేం ఇష్టం? పెళ్లికి ముందు పుట్టింట్లో ఏ కూర చేస్తే రెండోసారి వడ్డించుకునేవారు? ఇప్పుడు ఆ కూర వద్దనేవారెవరూ లేరు. నేననేది, పిల్లలు దూరమైన దిగులుతో పాటు ఈ చిన్న స్వేచ్ఛ కూడా మీ చేతికొచ్చిందని. దాన్ని వదులుకోకండి.

ఒక్కరికి వండటం కష్టమనేది కొలతలు మార్చుకోనంత వరకే. ఒక మనిషికి టీ గ్లాసులో ముప్పావు బియ్యం చాలు. గుప్పెడు కందిపప్పు, ఒక లేత బీరకాయ, రెండు పచ్చిమిర్చి చిన్న కుక్కర్‌లో పెడితే పూటకు పప్పు సిద్ధం. ఆ బీరకాయ చెక్కు పారేయకుండా వేయించి నూరితే పచ్చడి. ఓపిక లేని రోజున పచ్చిపులుసు ఉండనే ఉంది. చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు వేసి పోపు పెడితే సరి. అయితే దాంతో పాటు ఒక గుడ్డో, కాస్త పప్పో ఉండాలి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి, ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే అది సరిగా పట్టదు, గంటసేపు ఆగండి.

"ఇరవై ఏళ్లు వండి వండి విసిగిపోయాను, ఇప్పుడైనా వదిలేయనివ్వండి" అనే అమ్మలూ ఉన్నారు. వారి మాట న్యాయమే. తప్పకుండా విశ్రాంతి తీసుకోండి. వారానికి రెండు పూటలు కర్రీపాయింట్ నుంచి తెచ్చుకోండి. కానీ విశ్రాంతి వేరు, అశ్రద్ధ వేరు. తేడా తెలుసుకోవడం సులువే. ఈ పూట మీరు తినబోయేది సెలవులకు వచ్చిన మీ అమ్మాయికి పెట్టగలరా? పెట్టలేనంటే అది మీకూ సరిపోదు.

నాన్నగార్లకూ ఒక మాట. ఇంట్లో ఇద్దరే మిగిలినప్పుడు వంట ఇద్దరిదీ కావాలి. ఒకరు కూర తరిగితే ఒకరు పోపు వేయవచ్చు. పిల్లల చదువు కోసం భార్య ఒక ఊళ్లో, తాను ఒక ఊళ్లో ఉంటున్న తండ్రులు ఎంతోమంది. మెస్ భోజనంతో ఏళ్లు గడపకుండా అన్నం, పప్పు, ఒక వేపుడు నేర్చుకుంటే ఒళ్లు బాగుంటుంది, సాయంత్రాలూ బరువుగా గడవవు.

ఇంకా పిల్లలు మన బడిలోనే చదువుతున్న తల్లిదండ్రులు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. వారానికి ఒకరోజు అమ్మకు నచ్చిన కూరే వండాలని నియమం పెట్టుకోండి. అందరికీ వడ్డించి ఆఖరున మిగిలింది తినడం మాని, అమ్మ కూడా అందరితో పాటే కూర్చోవాలి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు, అబ్బాయిలైనా అమ్మాయిలైనా, అన్నం వండటం, పప్పు చేయడం నేర్చుకోవాలి. అమ్మ ఆకలికీ విలువ ఉందని చూసి పెరిగిన పిల్లలు, రేపు తమ ఒంటినీ, తమ ఇంట్లోవాళ్లనూ బాగా చూసుకుంటారు. ఈ పాఠం ఏ పుస్తకంలోనూ చెప్పలేం.

ఆదివారం హాస్టల్ నుంచి ఫోన్ రాగానే "తిన్నావా నాన్నా?" అని అడుగుతాం. వాళ్లూ "నువ్వు తిన్నావా అమ్మా?" అంటారు. "ఆ, తిన్నాను" అని మాట దాటేయకండి. "గుత్తి వంకాయ చేసుకున్నాను, బ్రహ్మాండంగా కుదిరింది" అని చెప్పండి. అవతల ఉన్న బిడ్డకు అంతకన్నా ధైర్యం ఇంకేం కావాలి?