పెట్టేశాం సరే... చదివేదెవరు?

"ఇంట్రానెట్‌లో పెట్టేశాం!" మా ఆఫీసులో రోజుకి పదిసార్లయినా వినబడే మాట ఇది. సెలవుల జాబితా ఏదండీ అంటే ఇంట్రానెట్‌లో పెట్టేశాం. మెడికల్ బిల్లులు ఎవరికివ్వాలంటే ఇంట్రానెట్‌లో చూసుకోండి. బయటివాళ్లకు కనబడకుండా, ఆఫీసువాళ్లు మాత్రమే తెరిచి చూసుకునే వెబ్‌సైటు అది. ఒకప్పటి నోటీసు బోర్డుకీ, సర్క్యులర్ ఫైలుకీ ఇప్పటి రూపమన్నమాట. అందులో పేజీలు రాసి పెట్టే పని ఆరేళ్లుగా నాదే. బాగానే రాస్తున్నాననుకునేదాన్ని, మొన్నమొన్నటిదాకా.

ఒక సాయంత్రం క్యాంటీన్‌లో టీ తాగుతుంటే, వేరే సెక్షన్‌లో పనిచేసే అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది.

"మేడమ్, మన ఆఫీసులో ఆడవాళ్ల ఫిర్యాదులు వినడానికి కమిటీ ఉందంటారు. నిజంగా ఉందా?" అనడిగింది మెల్లగా.

"ఎందుకు లేదమ్మా! ఇంట్రానెట్‌లో నేనే పెట్టానుగా" అన్నాను, కాస్త గర్వంగానే.

"చూశాను మేడమ్. అందులో పేరున్న మేడమ్‌గారికి రెండు నెలల కిందటే మెయిల్ కూడా పెట్టాను. జవాబు రాలేదు. నా మాట ఎవరూ పట్టించుకోరేమో అనుకుని ఊరుకున్నాను."

ఆ మేడమ్‌గారు రిటైరై అప్పటికి ఏడాది దాటింది! ఆవిడ మెయిల్‌ను ఎవరూ మూసెయ్యలేదు, తెరిచి చూడనూ లేదు. ఈ అమ్మాయి గుండె చిక్కబట్టుకుని రాసిన ఉత్తరం అందులోనే పడివుంది.

ఆమె ఎవరో, ఏం జరిగిందో ఇక్కడ రాయను. అలాంటి వివరాలు బయటపెట్టకూడదని చట్టమే చెబుతోంది. నేను చెప్పదలచుకున్నది నా పేజీ సంగతి.

సీటుకెళ్లి ఆ పేజీని నేనే వెతికాను. 'పాలసీలు' నొక్కితే 'మానవ వనరులు', అది నొక్కితే 'చట్టబద్ధ అనుసరణ', అందులో పంతొమ్మిది పేజీల పీడీఎఫ్. మొదటి పేజీ అంతా సంస్థ ఆశయాలూ, నిర్వచనాలూ. ఎవరికి చెప్పుకోవాలన్నది పదిహేడో పేజీలో! అక్కడున్న నలుగురిలో ఒకరు రిటైరయ్యారు, ఇంకొకరు బదిలీ అయ్యారు. పెట్టినదాన్ని నేనే కాబట్టి ఆ మాత్రమైనా దొరికింది. భయంతో వెతికేవాళ్ల గతేమిటి?

1997లో సుప్రీంకోర్టు విశాఖ కేసులో తీర్పిచ్చింది. దాని తర్వాత పదహారేళ్లకు, 2013లో, పనిచేసేచోట లైంగిక వేధింపుల నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం వచ్చింది. పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి. సభ్యుల్లో సగంమందైనా స్త్రీలుండాలి. ఫిర్యాదును మూడు నెలల్లోగా రాసివ్వాలి. ఆలస్యానికి తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు గడువు పెంచవచ్చు. రాసుకోలేనివాళ్లకు రాసేందుకు కమిటీ సభ్యులే సాయం చెయ్యాలి. కమిటీ వేసిన ఉత్తర్వును అందరికీ కనబడేచోట పెట్టాల్సిన బాధ్యత యాజమాన్యానిదే.

కనబడేచోట! పదిహేడో పేజీ కనబడేచోటేనా?

లెక్క చూస్తే ఆ అమ్మాయికి మూడు నెలల్లో పన్నెండు రోజులే మిగిలాయి. ఆ మర్నాడే కమిటీలోని ఒక మేడమ్ దగ్గర కూర్చుని ఫిర్యాదు రాసిచ్చింది. ఆ రోజు టీకి నేను వెళ్లకపోయుంటే? 'దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు' అంటారే, ఆ పూజారిని నేనే అయ్యుండేదాన్ని.

నేను ఇన్నేళ్లూ చేసిన తప్పేమిటో అప్పుడు తెలిసింది. నేను రాసింది చదివేవాళ్ల కోసం కాదు. పైఅధికారి చూసి 'ఓకే' అనడానికీ, రేపు ఆడిట్‌కు ఎవరైనా వస్తే చూపించడానికీ రాశాను. ఆఫీసుల్లో చాలా రాతలు ఇలాంటివే. చెప్పామనిపించుకోవడం వేరు, చెప్పడం వేరు.

వెబ్ పేజీల్ని జనం ఎలా చదువుతారో 1997లోనే జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు పరీక్షించి చెప్పాడు. నూటికి 79 మంది పైపైన చూసుకుంటూ పోయారట, అక్షరం అక్షరం చదివినవాళ్లు 16 మందేనట! మనం మాత్రం? కరెంటు బిల్లు చేతికిస్తే ముందు ఎంత కట్టాలో, ఎప్పటిలోగా కట్టాలో చూస్తాం. మిగతాది తర్వాత. ఆఫీసు పేజీ కూడా అంతే. ముందు జవాబు చెప్పాలి, వివరాలు ఆ వెనక రావాలి.

ఇంకోటి, మాటలు. మా దగ్గర ప్రసూతి సెలవు పేజీకి 'ప్రసూతి ప్రయోజనాల విధానం' అని పేరు పెట్టాను. నెలలు నిండుతున్న పిల్ల వెతికేది 'డెలివరీ లీవు' అని. ఆ మాట పేజీ మొత్తంలో ఒక్కచోటా లేదు! ఇక ఎలా దొరుకుతుంది?

కమిటీ పేజీ మళ్లీ రాశాను. పైన పేరు: 'ఆఫీసులో ఎవరైనా మిమ్మల్ని లైంగికంగా వేధిస్తున్నారా? వీళ్లకు చెప్పండి.' వెంటనే నలుగురి పేర్లు, ఫోన్ నంబర్లు, ఎక్కడ కూర్చుంటారో. దాని కింద నాలుగే వాక్యాలు: మూడు నెలల్లోగా రాసివ్వాలి. రాయడం ఇబ్బందైతే మేం సాయం చేస్తాం. మీ పేరు బయటపెట్టం. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. పూర్తి పాలసీ కావాలంటే అడుగున ఉంది. పేజీ చివర తేదీ, బాధ్యురాలిగా నా పేరు. సభ్యులు మూడేళ్లకు మించి ఉండకూడదని చట్టంలోనే ఉంది. అంటే పేర్లు మారి తీరతాయి. అందుకే ప్రతి మూడు నెలలకోసారి ఆ నంబర్లకు నేనే ఫోన్ చేసి చూసుకుంటున్నాను.

ఇదంతా సాఫీగా జరిగిందనుకోకండి. "ఇంత తేలిక మాటల్లో రాస్తే చట్టపరంగా చెల్లదేమో" అన్నారు ఒకరు. పాలసీలో ఒక్క అక్షరం మార్చలేదు సార్, అడుగున అలాగే ఉంది అన్నాను. ఇంకొకరు అసలు మాటే అన్నారు. "ముందు పేజీలోనే ఇంత పెద్దగా పెడితే మన ఆఫీసులో ఏదో జరిగిపోతోందనుకోరూ?" మంటలార్పే సిలిండర్లు వరండాలో వరుసగా తగిలించాం కదా, మన ఆఫీసు రోజూ తగలబడుతోందని ఎవరైనా అనుకుంటున్నారా అని అడిగాను. ఆయన నవ్వి సంతకం పెట్టారు.

అయినా పని పూర్తయినట్టు కాదని తర్వాత తెలిసింది. ఊడ్చి తుడిచే ఆడవాళ్లు మా దగ్గర కాంట్రాక్టు మీద పనిచేస్తారు. వాళ్లకు ఇంట్రానెట్ పాస్‌వర్డే లేదు. చట్టం మాత్రం వాళ్లకూ వర్తిస్తుంది. అందుకని అదే పేజీని తెలుగులో పెద్దక్షరాలతో అచ్చుతీసి లేడీస్ టాయిలెట్ తలుపులకు లోపలివైపు అతికించాను. ఎవరు చదువుతున్నారో ఎవరికీ తెలియకుండా చదువుకోగలిగే చోటు అదొక్కటేగా!

మర్నాడు ఆయా ఒకావిడ చీపురు పక్కనపెట్టి నన్ను ఆపింది. "అమ్మా, ఆ కాయితం మా పిల్ల చదివి చెప్పింది. అది మాక్కూడానా?" అనడిగింది. మీక్కూడానే అన్నాను. ఏమీ మాట్లాడకుండా తలూపి వెళ్లిపోయింది. ఆవిడ ఆ ప్రశ్న ఎందుకడిగిందో నేను అడగలేదు. ఎవర్నడగాలో మాత్రం ఆవిడకిప్పుడు తెలుసు.

ఆఫీసుల్లో రాసే పని చాలాచోట్ల మన ఆడవాళ్ల మీదే పడుతుంది. "నీ రాత బావుంటుందమ్మా, ఆ సర్క్యులరేదో నువ్వే చూడు" అంటారు. చూద్దాం. అయితే రాసే ముందు ఒక్క క్షణం, దీన్ని ఎవరు వెతుక్కుంటూ వస్తారో ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాద్దాం. రాసేపని లేనివాళ్లు కూడా రేపు ఆఫీసుకెళ్లగానే ఒక పని చెయ్యండి. మీ ఆఫీసు కమిటీలో ఎవరెవరున్నారో వెతకండి. అయిదు నిమిషాల్లో దొరకకపోతే, ఆ పేజీ పెట్టినవాళ్ల దగ్గరికెళ్లి "ఇది నాకు దొరకలేదండీ" అని చెప్పండి. ఆ ఒక్కమాట నాకు ఆరేళ్లపాటు ఎవరూ చెప్పలేదు.