పల్లె జనం నిలబెట్టిన ఆలయానికి వారసత్వ హోదా

వారసత్వ కట్టడాలంటే కోటలు, శిథిల దేవాలయాలు మాత్రమేనన్న భావన బలంగా నాటుకుపోవడం వల్ల, సత్తుపల్లి, ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున సాగిన ఆధునిక సామాజిక చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం పరిరక్షణ చర్చకు వెలుపలే ఉండిపోతోంది. అది ఆంగ్లికన్ సంఘాల చరిత్ర, అంటే ఇంగ్లండు చర్చి ఆరాధనా క్రమాన్ని, బిషప్‌ల పాలనను అనుసరించిన క్రైస్తవ సంఘాల చరిత్ర. గోదావరి నౌకాయాన పనుల ఇంజినీరు హేగ్ చొరవతో 1860 ప్రాంతంలో దుమ్ముగూడెంలో కోయల మధ్య మిషన్ మొదలైంది. నిజాం రాజ్యంలోని దోర్నకల్ 1912లో డయోసిస్‌కు, అనగా ఒక బిషప్ ఏలుబడిలోని సంఘాల మండలానికి, కేంద్రమైంది. ఆ ఏడాది డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్.

ఆయన కట్టించిన కెథడ్రల్, అంటే బిషప్ పీఠముండే ప్రధానాలయం, జ్ఞానులు బాలక్రీస్తును దర్శించిన ఘట్టాన్ని స్మరించే ఎపిఫనీ పండుగనాడు, 1939 జనవరి 6న, ప్రతిష్ఠితమైంది. ఇంగ్లండు గోథిక్ చర్చి నమూనాను యథాతథంగా దించకుండా, దక్షిణాది దేవాలయ మండపాన్ని తలపించే స్తంభాలను, ఇస్లామీయ వాస్తులోని గుమ్మటాలను, మీనారులను శిలువతో ఒక్కచోట కూర్చిన ఈ కట్టడం, విశ్వాసం మారినవారు తమ నేలను వదులుకోనక్కరలేదన్న అజరయ్య దృష్టికి రూపమిచ్చింది.

ఇది వలస పాలన అవశేషమని తోసిపుచ్చేవారు గమనించవలసింది, ఆ డయోసిస్‌లో అత్యధికులు గుడి గడప తొక్కే హక్కు లేని మాల, మాదిగ కుటుంబాలవారన్న వాస్తవాన్ని. వండే బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుని పేర దాచే అలవాటుతో సంఘాలను పోషించినవారు వారే. భూమి దస్తావేజులకెక్కని ఆ ఇంటిపేర్లకు చర్చిల బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లే తొలి రాతపూర్వక సాక్ష్యాలు కావచ్చు. అందుచేత గోడలతోపాటు ఆ కాగితాలూ వారసత్వమే.

కేంద్రం 1958లో చేసిన పురాతన కట్టడాల చట్టం కనీసం 100 ఏళ్ల వయసును కోరుతుంది కనుక, దోర్నకల్ ఆలయం 2039 దాకా దాని పరిధిలోకి రాదు. అయితే విలువను వయసుతోనే కొలవడం, నిన్నమొన్నటిదాకా శాశ్వత కట్టడం నిర్మించుకునే అవకాశమే దక్కని ప్రజలకు అన్యాయం చేయడమే అవుతుంది. 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘంలో కలిసిన ఈ ఆలయంలో నేటికీ ఆరాధన సాగుతున్నందున, రక్షణ పేరిట దానిని ప్రదర్శనశాలగా మార్చకూడదు. నిర్వహణ సంఘం చేతుల్లోనే ఉండాలి, ప్రభుత్వం నిపుణుల సలహాను, నిధులను సమకూర్చాలి. మరమ్మతుకు ముందు పాత సామగ్రిని పరీక్షించాలి, రిజిస్టర్లను డిజిటల్ ప్రతులుగా భద్రపరచాలి. తెలంగాణ ప్రభుత్వం 2017 నాటి రాష్ట్ర వారసత్వ చట్టాన్ని ఆధారం చేసుకుని, దోర్నకల్‌తో మొదలుపెట్టి దుమ్ముగూడెం వరకు ఈ ఆలయాలను సర్వే చేయించి, అర్హమైనవాటిని వారసత్వ జాబితాలో చేర్చాలి.