గోలీ వద్దు, బంతి చాలు

“అంకుల్, గోలీలు కొట్టేటట్టు చెయ్యాలె.”

కీసర వైపు ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్న కుర్రాడు మా నాచారం ఇంటి వరండాలో సంచి విప్పుతూ అన్న మాట ఇది. సంచిలోంచి నాలుగు చక్రాల చిన్న రోబో బయటికొచ్చింది. ఆర్డుయినో బోర్డు, మోటారు డ్రైవరు, సర్వో అన్నీ కోఠి గుజరాతీ గల్లీలో కొన్నవే. దాని నెత్తిన గోలీలు విసిరే యంత్రం బిగించాలట. కీసరగుట్ట కింద వాళ్ల నాయిన వేసిన టమాటా తోటను కోతులు దక్కనివ్వడం లేదు.

“కోతి కంట్ల తగిలితే?” అన్నాను.

మాట్లాడలేదు. కాశీ నుంచి తాను తెచ్చిన లింగాలు ప్రతిష్ఠకు అందలేదని అలిగి హనుమంతుడు వాటిని గుట్టంతా విసిరేశాడని అక్కడి స్థల పురాణం. ఆ కొండ నీడన పెరిగినవాడికి కోతిని కొట్టడమంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

అయినా వద్దనలేదు. బిగించమనే అన్నాను. మన పిల్లలు కట్టే రోబోల్లో సగం గీత వెంట నడిచేవో, అడ్డం వస్తే పక్కకు తిరిగేవో. గీత మీంచి రెండంగుళాలు జరిగినా ఎవరూ పట్టించుకోరు, మార్కులు పడిపోతాయి. విసిరే యంత్రం అలా కాదు. బంతి ఎక్కడ పడిందో అక్కడే పడింది. లెక్క తప్పితే నలుగురి ముందూ తెలిసిపోతుంది. ప్రాజెక్టును దుకాణంలో రెడీమేడ్‌గా కొనుక్కొచ్చే ఈ రోజుల్లో ఇంతకన్నా నిజాయితీ గల పరీక్ష నాకు కనబడలేదు.

చిన్నప్పుడు జొన్న చేలో మంచె మీద వడిసెల తిప్పేవాళ్లను చూశాను. రాయి పిట్టల గుంపు పైనుంచి పోయేది. ఆ చప్పుడుకే పిట్టలు లేచేవి, గింజ దక్కేది. తెలంగాణ రైతాంగ పోరాటంలో అదే వడిసెల రజాకార్ల మీదికీ లేచింది. దేని మీదికి, ఎందుకు అన్నది తిప్పే చెయ్యి ముందే తేల్చుకునేది. రోబోకు ఆ చెయ్యి లేదు గనుక కట్టేవాడే ముందు తేల్చుకోవాలి.

మొదట గోలీని పక్కన పెట్టించాను. టేబుల్ టెన్నిస్ బంతి బరువు 2.7 గ్రాములు, అడ్డుకొలత 40 మిల్లీమీటర్లు. గాజు గోలీ దానికి ఇంచుమించు రెట్టింపు బరువు, పైగా గట్టిది. దెబ్బంతా గింజంత చోట దిగుతుంది. వేగం రెట్టింపయితే ఆ దెబ్బ నాలుగింతలవుతుంది. ఈ లెక్క ఇంటర్‌లో అందరూ రాసిందే. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. విసిరే బొమ్మ అయితే దాని దెబ్బను జౌళ్లలో కొలిచి చూస్తారు. ఇంట్లో కట్టుకున్నదానికి ఆ పరీక్ష ఎవరూ పెట్టరు, మనమే పెట్టుకోవాలి.

యంత్రం సులువైనదే. రెండు చక్రాలు ఎదురెదురుగా తిరుగుతుంటాయి. మధ్య సందు బంతికన్నా రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ. చక్రాల అంచుకు ఫోము పట్టీ. వెనక నుంచి సర్వో బంతిని నెడితే చక్రాలు పట్టుకుని విసురుతాయి. 60 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 3000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు 9 మీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. ఆ వేగంతో 45 డిగ్రీల కోణంలో విసిరితే బంతి తొమ్మిది మీటర్లు పోవాలని కాగితం మీద వచ్చింది. వరండాలో దానికి చాలా ముందే పడింది. అంత తేలిక బంతికి ఆ వేగంలో గాలి పెట్టే అడ్డు దాని బరువుతో సమానమవుతుంది. పుస్తకంలో ‘గాలి నిరోధాన్ని విస్మరించుము’ అని చదివి దాటేసిన వాక్యం వాడి కాళ్ల ముందు పడి దొర్లింది.

రెండో బంతి ఇంకా దగ్గర పడింది. “ఫస్టుది మంచిగనే పోయింది గదా!” అన్నాడు. మొదటి బంతి చక్రాల ఊపు కొంత పట్టుకుపోయింది, అవి మళ్లీ వేగం అందుకునేలోపే రెండోది నెట్టాడు. ఆగాలి, లేదంటే చుట్లు లెక్కపెట్టే సెన్సరు పెట్టి వేగం వచ్చాకే నెట్టాలి.

అసలు భయం మరుసటి ఆదివారం తెలిసింది. చక్రాల మోటార్లకూ బోర్డుకూ ఒకే బ్యాటరీ. మోటార్లు ఒక్కసారిగా కరెంటు లాగేసరికి వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అయింది. తిరిగి లేస్తూ సర్వో ఒక్క కుదుపు కుదిపింది. ఎవరూ ఏ బటనూ నొక్కలేదు. వంగి చూస్తున్న వాడి కళ్లద్దాలకు బంతి టక్కున తగిలింది. అద్దానికేమీ కాలేదు, వాడి ముఖం మాత్రం పాలిపోయింది. ఇద్దరికీ గోలీయే గుర్తొచ్చింది. ఏటా దీపావళి రాత్రి సరోజినీదేవి కంటి ఆసుపత్రికి పిల్లలను మోసుకెళ్లే తల్లిదండ్రులకు ఆ ఒక్క క్షణం విలువ తెలుసు.

ఆ రోజు విసరడం ఆపేశాం. మోటార్లకు వేరే బ్యాటరీ పెట్టి, గ్రౌండ్ వైర్లు మాత్రం కలిపాడు. చక్రాల కరెంటు తీగ మీద చేత్తో వేసే ఎర్ర స్విచ్చు బిగించాడు. రిమోట్ సిగ్నల్ తెగిపోతే చక్రాలు వాటంతటవే ఆగాలని ప్రోగ్రాములో రాశాడు. ఇప్పుడు కళ్లద్దాలున్నా వాటిపైన ప్లాస్టిక్ గాగుల్స్ లేకుండా దాని దగ్గరికి రాడు.

ఇలాంటివి కాలేజీలో కనబడితే ‘ఆయుధాల్లాంటివి వద్దు’ అనేసే పెద్దలున్నారు. వాళ్ల జాగ్రత్తను గౌరవిస్తాను, ఆ మాటను మాత్రం ఒప్పుకోను. వద్దంటే పిల్లలు హాస్టల్ గదిలో, ఎవరూ చూడని చోట కడతారు. 2022లో ఏబీయూ రోబోకాన్ పోటీకి ఢిల్లీ ఆతిథ్యమిచ్చింది. ఆసియా పసిఫిక్ దేశాల విద్యార్థుల ముందు మనవాళ్లు పెట్టిన ఆట లగోరి. మన ఏడు పెంకులాటే! రోబో బంతి విసిరి దొంతర కూల్చాలి, రోబోలే మళ్లీ పేర్చాలి. 2021లో చైనా బాణాలను కుండల్లోకి వేయించింది. 2023లో కంబోడియా రింగులు విసిరించింది. 2025లో మంగోలియా బాస్కెట్‌బాల్ ఆడించింది. విసరడాన్ని ఇన్ని దేశాలు ఆటల్లోంచి తీసి చదువుగా మార్చాయి. కొలతలు, హద్దులు, ఆపే స్విచ్చు, చూసే పెద్దవాళ్లు ఉంటే చాలు. ప్రతి కాలేజీలో ఒక మూలన వల కట్టి ఆ చోటు ఇవ్వలేమా? చక్రం కాస్త వంకర పోతే సరిచేయడానికి నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో లేత్ మిషన్ల మీద చేయి తిరిగినవాళ్లున్నారు. వాళ్ల దగ్గర గంట నిలబడితే పిల్లలు నేర్చుకునేది ఏ ల్యాబులోనూ దొరకదు.

మొన్న ఆదివారం వరండా చివర ఏడు పేపరు కప్పులు పేర్చాం. మూడు మీటర్ల దూరం, పది బంతులు. ఆరు తగిలాయి. తప్పినవి ఎటు పోయాయో వాడు నోటుబుక్కులో రాసుకున్నాడు: మూడు ఎడమకు, ఒకటి పైకి. మూడూ ఎడమకే వంగాయంటే కుడి చక్రం ఎక్కువ తిరుగుతోందన్నమాట. అది వాడే కనిపెట్టాడు.

“మరి తోట?” అన్నాను.

“గట్టు మీద రేకు డబ్బా కడ్త అంకుల్. రబ్బరు బాలు దానికే కొడ్త. సప్పుడుకు పోతయేమో చూస్త” అంటూ చక్రాలు విప్పి జేబులో వేసుకున్నాడు. లేత్ దుకాణం మూసేలోపు వెళ్లాలట.